సివంగి నోట్లో గొంగడి చుట్ట

ఆ ఉదయం కురుమూర్తి పెట్టుకున్న పని ఒక్కటే. తెలకపల్లి రైతులు వచ్చేలోపు సివంగి చేత, నోట్లోది చేతికి ఇప్పించాలి.

సివంగి అతని ముధోల్ కుక్క. అడవి పందిని వాసన పట్టి పల్లి చేను దాటించడంలో ఆ చుట్టుపక్కల ఊళ్లలో దానికి సాటి లేదు. తెచ్చినది ఇవ్వకపోవడంలోనూ సాటి లేదు. ఏది కరుచుకొచ్చినా కాస్త దూరంలో పడుకుని, దాని మీద ముందుకాళ్లు వేసి గుర్రుమనేది. తప్పు కుక్కది కాదు. కుక్కపిల్ల తెచ్చిన తొలి వేటకు పసుపు రాసి దానికే తిరిగి ఇవ్వాలని, లేకపోతే దాని ముక్కు మొద్దుబారుతుందని కురుమూర్తి తండ్రి చెప్పేవాడు. ఒక్కసారి చెయ్యాల్సిన ఆ పనిని కురుమూర్తి ముద్దుకొద్దీ ఏడాది పాటు చేశాడు. దాంతో లోకంలో దొరికినదల్లా తనదేనని సివంగి తీర్మానించుకుంది.

తెలకపల్లి వాళ్లకు పందులను తరిమే కుక్క కావాలి. దారిలో కుందేలునో నెమలినో పట్టుకుని విడవని కుక్క మాత్రం వద్దు. అట్లాంటిది జరిగితే వేట కేసులో చేను యజమాని కూడా ఇరుక్కుంటాడు. "ఇడువ్ అంటె ఇడ్వాలె. గట్లయితెనే ఈ పంటకు నిన్నూ నీ కుక్కనూ పెట్టుకుంటం" అని వాళ్ల పెద్ద కృష్ణయ్య ఫోన్లో తేల్చి చెప్పాడు. ఈ ఏడు కురుమూర్తి బోరు ఎండిపోయింది. చేను బీడు పడింది. ఆ కాపలా పని తప్ప వేరే దారి లేదు.

అందుకే పాత గొంగడి ముక్కను చుట్టగా చుట్టి, తాడు కట్టి, బలంగా విసిరాడు. అది గట్టు దాటి పక్కనున్న విజయ్ చేను కంపలో పడింది. సివంగి ఒక్క దూకులో గట్టు దాటింది. చాలాసేపటికి ఇంకోవైపు నుంచి వచ్చింది. నోట్లో గొంగడి చుట్ట. పోయినప్పటికన్నా లావుగా కనిపించింది. మంచుకు ఉబ్బిందనుకున్నాడు కురుమూర్తి.

"ఇడువ్."

సివంగి పడుకుంది. కాళ్లు వేసింది. గుర్రుమంది.

రొట్టెలు తెచ్చిన భార్య రాజేశ్వరి కాసేపు చూసింది. "ఏమయ్యా, నువ్వు ఇడువ్ అన్నప్పుడల్ల అది ఇంక గట్టిగ పట్టుకుంటుంది. గా మాటకు దాని బాసల అర్థం పట్టుకో అనేమొ."

"నువ్వు ఊకోయే. ఒక రొట్టె ఇయ్యి."

సివంగి రొట్టె తిన్నది. ఒక కాలు చుట్ట మీదనే ఉంచి తిన్నది.

సరిగ్గా అప్పుడే బాట మీద విజయ్ బండి ఆగింది. తెలకపల్లి కాపలా పని తన బామ్మర్దికి ఇప్పించాలని అతను చాలా రోజులుగా తిరుగుతున్నాడు. దూరం నుంచి అతనికి కుక్క కాళ్ల కింద కుందేలుదిలాంటి బూడిదరంగు బొచ్చు కనిపించింది. విజయ్ పలకరించలేదు. ఫోన్ తీశాడు, ఎవరితోనో మాట్లాడాడు, చిన్నగా నవ్వుకుని వెళ్లిపోయాడు. 

ఫారెస్టు జీపు వచ్చేసరికి ఊళ్లో కథ జీపుకన్నా ముందుంది. చాయ్ హోటల్ దగ్గర కుందేలు జింకపిల్ల అయింది. పంచాయతీ ఆఫీసు దగ్గర చిరుతపిల్ల అయింది. జీపు వెనక వచ్చిన జనం, తల్లి చిరుత ఎటునుంచి వస్తుందోనని కంపలకేసి చూస్తూ దూరంగా నిలబడ్డారు. విజయ్ మాత్రం అందరికన్నా ముందు నిలబడి వీడియో తీస్తున్నాడు.

"కుందేలు ఏది?" అన్నాడు ఆఫీసరు.

"కుందేలు గాదు సార్. గొంగడి. నాదే. పొద్దున నేనే చుట్టిన."

"తీసి చూపెట్టు."

"అది ఇయ్యదు సార్."

"నీ కుక్క నీ మాట వినదా?"

"అన్ని ఇంటది సార్. గిదొక్కటి తప్ప."

"గొంగడి అయితె గా వెంట్రుకలు ఏంది?"

"గొర్రెవి సార్."

"గొర్రెను గూడ సంపినవా?"

 అదే సమయానికి కృష్ణయ్య ఆటో దిగాడు. జీపును, జనాన్ని, గుర్రుమంటున్న కుక్కను వరసగా చూసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆఫీసరు ఒక అడుగు ముందుకు వేశాడు. సివంగి పళ్లు చూపించింది. ఆయన వెనక్కి గెంతిన గెంతుకు ఒక బూటు దుక్కిమట్టిలో దిగబడి ఊడింది. సివంగి దాన్నీ లాక్కుని చుట్ట పక్కన పేర్చింది.

వీడియో కోసం మరింత ముందుకు వంగిన విజయ్ చెయ్యి ఉన్నట్టుండి ఆగిపోయింది. చుట్ట అంచు చూసి ఫోన్ దించేశాడు.

"సార్, ఇడ్సిపెట్టుండ్రి సార్. పాపం, పేదోడు. అది గొంగడే."

"నువ్వే గదా కుందేలని ఫోన్ చేసినవ్?"

"దూరంకెల్లి గట్ల కనవడ్డది సార్."

"ఇంతల్నే దగ్గరైందా? ఏం మాట్లాడుకున్నరు మీరిద్దరు?"

"ఏం లేదు సార్. జర నేనే తీస్త, ఉండుండ్రి" అంటూ విజయ్ కుక్క మీదికి దూకాడు. మరుక్షణమే చెప్పులు లేకుండా తిరిగొచ్చాడు. సివంగి చెప్పులను బూటు పక్కన సర్దుకుంది.

ఇక ఆఫీసరుకు అనుమానం కాస్తా నమ్మకమైంది. ఫిర్యాదు చేసినవాడే భయపడుతున్నాడంటే ఆ బొచ్చు వెనక పెద్ద జంతువే ఉండాలి.

"కుక్క ఇయ్యకపోతె మనిషిని తీస్కపోత. గద్వాలల చెప్పుకుందువు, ఎక్కు."

"సార్, ఆయనకు ఈగను గొట్టనీకె గూడ చెయ్యి రాదు" అంది రాజేశ్వరి.  కృష్ణయ్య ఆటో వైపు తిరిగాడు. కురుమూర్తి తల వంచుకుని జీపు వెనక ఎక్కాడు. పనీ పోయింది, పరువూ పోయింది. రేపో మాపో కుక్కా పోతుంది.

జీపు కదిలింది. జనమంతా అటు తిరిగారు. సివంగి తల ఎత్తి చూసింది. తన దగ్గరున్నదాన్ని ఎవరూ అడగడం లేదు. పుట్టి బుద్ధెరిగాక దానికి ఇట్లాంటి అవమానం జరగలేదు. గొంగడి చుట్టను కరుచుకుని పరుగెత్తింది. జీపును అందుకుంది. ఎగిరి లోపల పడి, చుట్టను కురుమూర్తి అరచేతిలో పెట్టి తోక ఊపింది.

"కృష్ణన్నా, సూడు. చేతికిచ్చింది" అని కేకేశాడు కురుమూర్తి. తాను అరెస్టయిన సంగతి ఆ క్షణానికి అతనికి గుర్తు లేదు.

ఆఫీసరు జీపు ఆపించి చుట్ట విప్పాడు. లోపల బండి క్లచ్చు వైర్లతో అల్లిన ఉచ్చులు. ఒకదానికి ఇంకా కుందేలు వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.



"నాదే, నేనే చుట్టిన అన్నవ్" అన్నాడు ఆఫీసరు నెమ్మదిగా. "వీడియో గూడ ఉంది."

కురుమూర్తి చుట్టకేసి వంగి చూశాడు. తన చుట్టకు తాడుంది. దీనికి లేదు. తనది ఇంకా ఆ కంపలోనే ఉందని ఇప్పుడు తెలిసి ఏం లాభం? ఎవరు నమ్ముతారు?

అప్పుడు జనాన్ని తోసుకుంటూ విజయ్ తల్లి హన్మమ్మ వచ్చింది. "అరె, గిది మా గొంగడి. గీ ఎర్రంచు నేనే ఏయించిన. రాత్రి మా విజయ్ కప్పుకోని చేన్లకు పోయిండు. పొద్దుగాల్నుంచి దేవులాడుతున్న. ఇయ్యుండ్రి సారూ."

"అవ్వా, నువ్వు ఊకో. అది మనది గాదు" అన్నాడు విజయ్.

"ఎట్ల గాదురా? మన సొమ్ము మనం అడుగనీకె సిగ్గేంది?" హన్మమ్మ గొంగడి కొస పట్టుకుంది. రెండో కొస ఆఫీసరు చేతిలో ఉంది.

"ఇడువ్, అవ్వా" అన్నాడు ఆఫీసరు.

హన్మమ్మ విడవలేదు. సివంగి ఆమె వైపు మొదటిసారి గౌరవంగా చూసింది.

విజయ్ జనంలోంచి జారుకోబోయాడు. చెప్పులు లేని కాళ్లకు పల్లేరుకాయలు దిగి అక్కడే కూలబడ్డాడు. అతన్ని జీపెక్కించి కురుమూర్తిని దింపారు.

కృష్ణయ్య దగ్గరికొచ్చాడు. "ఇడువ్ అంటె ఇడ్వలేదు గదనే, కురుమూర్తీ."

"ఇడ్వదన్నా. అబద్ధమెందుకు. నేను జీపెక్కి పోతుంటె ఇస్తది."

కృష్ణయ్య గడ్డం గోక్కున్నాడు. "మా దగ్గర జీపు లేదు. ట్రాక్టరు నడుస్తదా?"

చెప్పులు లేకుండా విజయ్, ఒక్క బూటుతో ఆఫీసరు గద్వాలకు బయలుదేరారు. చేలోకి తిరిగొచ్చి ఆయన రెండో బూటు, విజయ్ చెప్పుల మీద కాళ్లు వేసుకుని పడుకున్న సివంగి ఈసారి జీపు కదిలినా లేవలేదు.