హజరత్తయ్య హద్దురాళ్లు

ఆ రోజు పొద్దున హజరత్తయ్య వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దుటి బస్సులో బ్లాకు ఆఫీసు నుంచి ఓవర్సీరు దిగుతాడు. ఆయన్ని దిబ్బ మీదికి తీసుకుపోయి పునాది చూపించాలి. ఆయన సరే అంటే లేత కొబ్బరిబోండం కొట్టించి, మధ్యాహ్నం బస్సెక్కించాలి. తరువాత ఇంటికొచ్చి పెంచలమ్మ వండిన చేపల పులుసు తిని, కరణంగారి లాల్చీలకు గుండీలు కుట్టుకోవాలి. ఇంతే.

హజరత్తయ్య ఆ ఊరి దర్జీ. ఇందుకూరుపేట దాటి సముద్రం వైపు పోతే, ఉప్పుగాలికి తాటాకు కూడా తొందరగా నల్లబడే ఊరు అది. పెళ్లయిన నాటి నుంచీ అతనూ, భార్య పెంచలమ్మా ఒక అద్దె పాకలో ఉంటున్నారు. వానొస్తే ముందు కుట్టుమిషను మంచం ఎక్కుతుంది. దాని మీదికి గొడుగు ఎక్కుతుంది. మిగిలిన జాగాలో మొగుడూ పెళ్లాం తడుస్తూ నిలబడతారు. ఇప్పుడు ఆ పాక కూడా దక్కేట్టు లేదు. కార్తీకం వానలు మొదలయ్యేలోగా ఖాళీ చెయ్యమని ఇంటాయన చెప్పేశాడు.

పంచాయతీ సమితులు కొత్తగా వచ్చిన రోజులవి. సొంత ఇల్లు లేనివాళ్లకు ప్రభుత్వం స్థలమిచ్చి, కట్టుకోవడానికి అప్పు కూడా ఇస్తుందన్నారు. ఊరికి తూర్పున ఇసుకదిబ్బను చదును చేసి స్థలాలు గీశారు. బావి పక్కనున్న రోడ్డు దగ్గర మొదలై, సరుగుడుతోట దాకా వరసగా ఉన్నాయవి. మొదటి స్థలం హజరత్తయ్యకు వచ్చింది. దాని పక్కది బడిపంతులు జీవానందం మాస్టారికి. మొదటి కంతుతో పునాది వెయ్యాలి. అది హద్దురాళ్ల మధ్యనే ఉందని ఓవర్సీరు చూసి ఒప్పుకుంటే, గోడలకు రెండో కంతు వస్తుంది. ఒప్పుకోకపోతే స్థలమూ పోతుంది, ఇచ్చిన కంతూ వెనక్కి కట్టాలి.

"ఆఫీసరు ముందర నువ్వు నోరు తెరవబాకు," అంది పెంచలమ్మ చొక్కా అందిస్తూ. "ఏమడిగినా తలకాయ ఊపు. నువ్వు మాట్లాడితే అయ్యే పని కూడా కాదు."

"అట్టాగేలే," అని హజరత్తయ్య కాస్త ముందుగానే బయల్దేరాడు. పునాదిలో మేకలు పడుకుని పోతుంటాయి, ఊడ్చి పెడదామని.

పునాది బాగానే ఉంది. మేకలు కూడా ఆ రోజు మర్యాదగానే ప్రవర్తించాయి. కానీ నాలుగు మూలలా ఉండాల్సిన రాళ్లలో ఒకటి లేదు. అది ఉండాల్సిన చోట గుంట మాత్రం ఉంది.

ఆ ఊళ్లో రాయి దొరకదు. కాలు పెట్టినచోటల్లా ఇసుకే. రోలు కావాలన్నా, బట్టలుతికే బండ కావాలన్నా నెల్లూరు అవతలి నుంచి బండి మీద తెచ్చుకోవాల్సిందే. అటువంటి ఊళ్లో ప్రభుత్వంవారు నున్నగా చెక్కిన రాళ్లు తెచ్చి, తారుతో నంబర్లు వేసి, కాపలా లేకుండా పాతిపెట్టి వెళ్లిపోయారు. ఊరివాళ్లు వాటి జోలికి పోకుండా కొన్నాళ్లయినా ఓర్చుకున్నారంటే అది వాళ్ల మంచితనమే.

దిబ్బకు దగ్గరగా ఉన్నది నాగులమ్మ ఇల్లు. ఆమె దొడ్లో కూర్చుని బండ మీద దుప్పటి ఉతుకుతోంది. దుప్పటి కింద నుంచి తారు మరక తొంగి చూస్తోంది.

"అక్కా, ఈ రాయి యాడిది?"

"ఏమో అబ్బయ్యా. ఎప్పటినుంచో ఉండాది."

"మొన్న శివరాత్రికి లేదు గదా?"

"శివరాత్రి కాణ్ణించే ఉండాదిలే."

హజరత్తయ్యకు వాదించే తీరిక లేదు. "ఓవర్సీరు వస్తా ఉండాడక్కా. రాయి కనపడకపోతే ఇల్లు పోతాది!" అని దుప్పటి పక్కకు నెట్టి, రాయి భుజానికెత్తుకుని పరుగెత్తాడు.

నాగులమ్మ తడిదుప్పటితో నిలబడిపోయింది. దడి అవతల నుంచి పక్కింటావిడ ఏమైందని అడిగింది. నాగులమ్మ తనకు అర్థమైనంత చెప్పింది: "సర్కారోళ్లు వస్తా ఉండారంట. రాయి కనపడితే ఇల్లు పోతాదంట."

మధ్యలో ఉన్న రెండు మూడు అక్షరాలు దడి దాటేటప్పుడు జారి ఇసుకలో పడ్డాయి. వాటిని వెతికేవాళ్లెవరూ లేరు. మాట ఆ వీధి దాటేసరికి, రాయి ఉన్న ఇల్లు జప్తు చేస్తారని అయింది. జాలర్లుండే పట్టపుపాలెం చేరేసరికి, రాయితోపాటు ఇంటాయన్ని కూడా బండిలో ఎక్కించుకుపోతారని అయింది. మొదట దిబ్బ మీది రాళ్లు దొంగచాటుగా తెచ్చుకున్నవాళ్లు వాటిని మళ్లీ అక్కడే పాతెయ్యడానికి కదిలారు. వాళ్లు కదలడం చూసి, పాపం ఏ తప్పూ ఎరగనివాళ్లు మరింత భయపడ్డారు. సర్కారు రాయికీ సొంత రాయికీ తేడా ఏమిటో ఓవర్సీరుకి తెలుస్తుందన్న నమ్మకం ఎవరికీ లేదు.

ఈ లోపల హజరత్తయ్య రాయిని గుంటలో పాతి, చేతులు దులుపుకుని రోడ్డు మీదికి పరుగెత్తాడు. ఓవర్సీరు సంజీవరావు అప్పుడే బస్సు దిగుతున్నాడు. సన్నటి మనిషి, చేతిలో గొడుగు, జేబులో నస్యం డబ్బీ. వెనకాల కొలత గొలుసు మోసుకుంటూ ఒక బంట్రోతు.

ముగ్గురూ దిబ్బ వైపు నడుస్తుంటే, నెత్తిన రాళ్లు పెట్టుకున్న మనుషులు వాళ్లను దాటుకుని అటే పోతున్నారు. ఓవర్సీరుని చూడగానే నడక పరుగవుతోంది.

"ఏమయ్యా, ఊళ్లో ఏదైనా కడుతున్నారా?" అని అడిగాడు సంజీవరావు.

హజరత్తయ్యకు పెంచలమ్మ మాట గుర్తుంది. తల ఊపాడు.

"గుడా?"

ఊపాడు.

"మరి ఆ రాయి మోసే ఆవిడ మెళ్లో శిలువ ఉందే. చర్చా?"

దానికీ ఊపాడు.

"మంచి ఊరయ్యా మీది," అన్నాడు సంజీవరావు.

దిబ్బ ఎక్కగానే ముందర హజరత్తయ్య ఆగిపోయాడు, తరువాత ఓవర్సీరు ఆగాడు. దిబ్బ నిండా వరి నాటినట్టు రాళ్లు నాటి ఉన్నాయి. హద్దురాళ్లు, బట్టల బండలు, గడపరాళ్లు, సన్నికళ్లు, పడవల లంగరు రాళ్లు, ఎక్కడ జాగా దొరికితే అక్కడ. నడుమ జీవానందం మాస్టారు గొడుగు వేసుకుని నిలబడి ఉన్నారు.

"హజరత్తూ, నా స్థలంలోకి ఒక సన్నికల్లు వచ్చింది," అన్నారాయన నెమ్మదిగా. "ఇది ఏ దిక్కు హద్దో కాస్త చెప్తావా?"

సంజీవరావు ఉద్యోగంలో వరదలు చూశాడు, తుపానులు చూశాడు. ఇదివరకు రాళ్లు పోయిన చోట్లే గానీ పెరిగిన చోటు చూడలేదు. అయినా గొలుసు విప్పించి రాయి నుంచి రాయికి కొలవడం మొదలుపెట్టాడు. ఒక లెక్కన మొదటి స్థలం మూడు మూలలకే అయిపోయింది. ఇంకో లెక్కన హజరత్తయ్య వంటిల్లు మాస్టారి స్థలంలో పడింది, మాస్టారి వరండా రోడ్డు మీద పడింది.

"రోడ్డు మీదా?" అన్నారు మాస్టారు. ఆయన గొంతు పెంచగా ఊళ్లో ఎవరూ వినలేదు. ఆ రోజు విన్నారు. "ఏమండీ, నేను వరండాలో కూర్చుంటే బస్సు ఎక్కడ పోతుంది?"

"మాస్టరూ, మీ వరండా సంగతి తరవాత. నా వంటిల్లు మీ దాంట్లో ఉండాదంటా ఉండారు!"

"ఉంటే తీసుకుపో నాయనా. నేనేమన్నా పట్టుకున్నానా?"

అప్పుడే పెంచలమ్మ రొప్పుతూ దిబ్బ ఎక్కింది. చంకలో సన్నికల్లు ఉంది.

"నువ్వెందుకు తెచ్చినావే?" అన్నాడు హజరత్తయ్య, ఏడుపొక్కటే తక్కువగా.

"నువ్వే చెప్పినావంట గదయ్యా, రాయి ఉంటే ఇల్లు జప్తని! నాగులమ్మ అందరికీ చెప్తా ఉండాది."

విషయం మెల్లగా అందరికీ అర్థమైంది. అర్థమైనా ఎవరూ తమ రాయి దగ్గరికి పోలేదు. ముందు పోయినవాణ్ణి పట్టుకుంటారేమోనని ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు.

అంతలో పంచాయతీ ప్రెసిడెంటు కామాక్షయ్యగారు ఉత్తరీయం ఎగరేసుకుంటూ వచ్చారు. ఆయన వచ్చింది ఓవర్సీరు కోసం కాదు, రోలు కోసం. పనివాళ్లు భయపడి ఇంట్లో రోలు తెచ్చి దిబ్బ మీద పెట్టారు. పచ్చడి లేదని చెప్పి ఆయన ముందు ఉత్త పప్పన్నం పెట్టారు. గోంగూర పచ్చడి లేకుండా అన్నం తినడం ఆయన ఎరిగినంతలో అదే మొదటిసారి.

జరిగింది విని ఆయన మొహం ఎర్రబడింది. "ఓవర్సీరుగారూ! హద్దు తేలని పునాది పునాదే గాదు. రద్దు రాసెయ్యండి. రూలంటే రూలే."

"అయ్యా..." అన్నాడు హజరత్తయ్య.

"నోరుముయ్యిరా. ఊరినంతా మొయ్యించినావు గదరా రాళ్లు! మా రోలు మోసినోడికి నడుం పట్టింది."

సంజీవరావు కలం మూత తీశాడు. రాయడానికి కాదు, ఆలోచించేటప్పుడు అలా తీయడం ఆయన అలవాటు. అది హజరత్తయ్యకు తెలియదు. మంచం మీది మిషను, దాని మీది గొడుగు కళ్ల ముందు మెదిలాయి. ఈసారి వానకి ఆ మంచం వేసుకోవడానికి కూడా చోటు ఉండదు.

పెంచలమ్మ సన్నికల్లు కింద పెట్టి, పునాది గట్టు దాటి, ఒక మూలకు పోయి కొంగు నడుముకు చుట్టుకుని కూలబడింది.

"ఏందమ్మా అది?" అన్నారు ప్రెసిడెంటుగారు.

"ఇది నా వంటిల్లయ్యా. పొయ్యి ఇక్కడ పెట్టుకోవాలని మొదటినాడే అనుకున్నా. పునాది తవ్వేట్టయితే ముందు నన్ను తవ్వి తియ్యండి."

సంజీవరావు చిటికెడు నస్యం పీల్చి, కలానికి మూత పెట్టాడు.

"ఈ రాళ్లను నమ్మి లాభం లేదు. కిందటేడు నేను కొలత మొదలుపెట్టింది ఆ బావి గట్టు నుంచి. బావిని ఎవరూ మోసుకొచ్చి ఉండరు కదా. మళ్లీ అక్కణ్ణుంచే కొలుద్దాం."

"అదీ పద్ధతంటే!" అన్నారు కామాక్షయ్యగారు.

గొలుసు బావిగట్టు దగ్గర మొదలైంది. ఊరంతా దాని వెనకాల నడిచింది. రోడ్డు దాటింది. దాటగానే బంట్రోతు ఆగిపోయాడు.

"ఏం ఆగావు?"

"వామి అడ్డమండి."

రోడ్డుకూ, హజరత్తయ్య పునాదికీ నడుమ ప్రెసిడెంటుగారి వరిగడ్డి వామి, దాని వెనకాల పశువుల కొట్టం ఉన్నాయి. అవి ఎప్పుడు వెలిశాయో ఎవరూ పట్టించుకోలేదు. ప్రెసిడెంటుగారి కొట్టం కాబట్టి ఎప్పటినుంచో ఉన్నట్టే కనపడేది.

"చుట్టి పో. కొలత వదలొద్దు," అన్నాడు సంజీవరావు.

బంట్రోతు వామి పక్కగా దూరి కనపడకుండా పోయాడు. కాసేపటికి కొట్టంలోంచి అతని గొంతు వినిపించింది. "మొదటి స్థలానికి సరిగ్గా నడిమికొచ్చానండీ! ఇక్కడ గేదె కట్టేసుందండీ!"

అందరూ లోపలికి తొంగి చూశారు. గేదె కాళ్ల దగ్గర పడిన గొలుసును చూసింది, తరువాత యజమాని వైపు చూసింది, మళ్లీ నెమరు వెయ్యసాగింది.

"ప్రెసిడెంటుగారూ," అన్నాడు సంజీవరావు గొంతు పెంచకుండా, "ఇక్కడ నేను పాతిన రాళ్లుండాలి."

కామాక్షయ్యగారు ఉత్తరీయంతో మెడ తుడుచుకున్నారు. "పశువుల కాళ్లకు తగులుతా ఉంటే... కాస్త అవతలగా పాతమన్నాను. పారెయ్యలేదండీ. మర్యాదగానే పాతించాను."

మొదటి రాళ్లు జరిగేసరికి, వాటికి సరిపడేలా పాలేళ్లు పక్కవీ జరిపారట, ఆ పక్కవీ జరిపారట. అంటే మాస్టారి స్థలంలో హజరత్తయ్య పునాది వేశాడు, మాస్టారు తన పక్కవాళ్ల స్థలంలో వేశారు. ఆ చివరివాళ్లు సరుగుడుతోటలోకి పోయారు.

"రూలు ప్రకారం అయితే," అని సంజీవరావు మళ్లీ కలం మూత తీశాడు, "హజరత్తయ్య స్థలం ఇదే. కొట్టమూ, వామీ తీసేసి, ఆక్రమణ అని రిపోర్టు..."

"ఆగండాగండి," అన్నారు ప్రెసిడెంటుగారు. గొంతులో అంతకు ముందు లేని తేనె చేరింది. "రూలంటే మనుషుల కోసం గదా! ఆడకూతురు అట్టా మట్టిలో కూర్చోనుంటే నాకు అన్నం సయిస్తాదా? పేదోళ్ల పునాది ఒక్క ఇటిక కదిల్చినా నేనూరుకోను."

"మరెలా?"

"ప్లానునే ఒక స్థలం అవతలికి జరిపితే? సరుగుడుతోట పంచాయతీదే గదా."

"మెంబర్లంతా కలిసి తీర్మానం చెయ్యాలి. పైవాళ్లు ఒప్పుకోవాలి. మీ వామికి మీరు పంచాయతీకి బాడుగ కట్టాలి."

"కడతానండీ," అన్నారాయన వామి వైపు చూడకుండా.

మెంబర్లు తమ రాళ్లు వెతుక్కోవడానికి అక్కడే ఉన్నారు కాబట్టి తీర్మానం అప్పటికప్పుడే, ఏకగ్రీవంగా, గేదె ఎదుట జరిగింది. సంజీవరావు వెనక్కి వచ్చి పునాది నాలుగు వైపులా కొలిచి తల ఊపాడు.

"ఇక లేవమ్మా. మీ వంటిల్లు మీ స్థలంలోనే ఉంది."

పెంచలమ్మ లేచి కొంగు దులుపుకుంది. అప్పుడు ఏడ్చింది. హజరత్తయ్య ఏం చెయ్యాలో తోచక ఆమె సన్నికల్లు తను ఎత్తుకున్నాడు.

రెండో కంతు ఆలస్యంగానైనా వచ్చింది. కార్తీకం వానలకు గోడలు తడిశాయి గానీ, అప్పటికి పైకప్పు పడింది. గృహప్రవేశం నాడు జీవానందం మాస్టారు ప్రార్థన చేస్తే, పెంచలమ్మ అదే మూలలో పాలు పొంగించింది. కుట్టుమిషను కిటికీ కింద నేల మీదే కూర్చుంది. పేదల పునాదులు కాపాడటానికి తాను ఆ రోజు ఎంత పోరాడిందీ కామాక్షయ్యగారు చాలాసేపు ఉపన్యసించారు. ఊరు చప్పట్లు కొట్టి, ఆ కొత్త ఇళ్ల వరసకు ఆయన పేరే పెట్టింది.

న్యాయంగా గేదె పేరు పెట్టాలని మాస్టారు ప్రతిపాదించారు గానీ, బలపరచేవాళ్లు దొరకలేదు.