ఇసుక లేని ఆదర్శ మలుపు

ఈ శీతాకాలంలో దేశంలోని ఏ మలుపులోనూ ఏ కారూ జారబోదని రవాణా శాఖ మంత్రి యల్మరి పుస్కాలా గారు హెల్సింకీలో ప్రకటించారు. ప్రకటించిన రోజున హెల్సింకీలో వాన పడుతోంది. అయినా మంత్రిగారిది దూరదృష్టి. ఉత్తరాన మంచు పడుతోందని టీవీలో చూసి ఆయన చలించిపోయారట.

"మలుపులో జారేది కారు కాదు, డ్రైవరు మనస్తత్వం. మనస్తత్వం మీద ఇసుక చల్లితే ఏం లాభం?" అన్నారాయన.

అందుచేత మంచులో కార్లు జారకుండా ఉత్తరాది రోడ్ల మీద ఇసుక చల్లడానికి ఉంచిన నిధుల్ని 'మలుపులో మనం' అనే ప్రచారోద్యమానికి మళ్లించారు. ఇంత లోతైన మాట ఇంతవరకు ఏ మంత్రీ అనలేదని ఆయన పత్రికా కార్యదర్శి మిన్నా గారు విలేకరులతో అన్నారు. ఆ మాట రాసిచ్చింది ఆవిడే కనక లోతు ఎంతో ఆవిడకే తెలియాలి.

ఈ వార్తని ఉత్తరాన హిర్విలాంపి అనే ఊళ్లో టోయినీ సర్కేలా తన వంటింటి రేడియోలో విన్నది. విని, కిటికీలోంచి తన సౌనా వైపు చూసింది.

ఆ సౌనా గురించి కొంచెం చెప్పుకోవాలి. సౌనా అంటే కాగిన రాళ్ల మీద నీళ్లు చల్లి, ఆ ఆవిరిలో కూర్చుని చెమట పట్టించుకునే దుంగల స్నానాల గది. గుట్ట మీంచి దిగే రోడ్డు సరిగ్గా టోయినీ ఇంటి ముందు కుడివైపుకి తిరుగుతుంది. దాన్ని తోడేలు మలుపు అంటారు. మలుపు తిరిగిన కార్లు చెరువు వైపు వెళ్తాయి. తిరగనివి నేరుగా టోయినీ సౌనాలోకి వెళ్తాయి. టోయినీ పుట్టింది ఆ సౌనాలోనే. భర్త పోయినప్పుడు ఆయనకి చివరి స్నానం చేయించిందీ అందులోనే. తాతల నాటి దుంగల గోడలు నాలుగింటిలో మూడు కార్ల పాలయ్యాయి, కొత్త దుంగలతో మళ్లీ కట్టుకుంది. పాత గోడ ఇక ఒక్కటే మిగిలింది. ఆ ఒక్క గోడనైనా కాపాడుకోవాలని ఆమె ఆశ. అందుకే ఏటా పంచాయతీ ఆఫీసుకి వెళ్లి మలుపులో కాస్త ఇసుక చల్లమని అడుగుతుంది. ఏటా వాళ్లు పరిశీలిస్తామంటారు. వాళ్లది మాట తప్పే వంశం కాదు, ఇప్పటికీ పరిశీలిస్తూనే ఉన్నారు.

వారం తిరక్కుండానే పంచాయతీ రోడ్ల ఇంజనీరు ఇస్మో వచ్చాడు. ఆ ఊళ్లో పుట్టి పెరిగినవాడే. గుమ్మంలోనే టోపీ తీసేశాడు.

"పిన్నీ, మన మలుపుకి మహర్దశ పట్టింది. దేశం మొత్తం మీద ఆదర్శ మలుపుగా దీన్నే ఎంపిక చేశారు. మంత్రిగారే వస్తున్నారు. స్వయంగా కారు నడిపి, మంచులో మలుపు ఎలా తిరగాలో చూపిస్తారట."

"దీన్నా? దీన్నెందుకురా?"

"నేను పుట్టి బుద్ధెరిగాక ఇక్కడ ఒక్క ప్రమాదం కూడా నమోదు కాలేదు. గుట్ట దిగే మలుపుల్లో అలాంటిది దేశంలో ఇంకోటి లేదు."

"పోయిన చలికాలం పాల లారీ వచ్చి నా సౌనాలో పడలేదూ?"

"పడింది. నమోదు కాలేదు."

అది నిజమే. హిర్విలాంపిలో ఒక మర్యాద ఉంది. గుంటలో పడ్డవాణ్ణి ఎందుకు పడ్డావని అడగరు. పొరుగింటి ఔలిస్ ట్రాక్టరు తెచ్చి మాట్లాడకుండా లాగుతాడు. టోయినీ మాట్లాడకుండా కాఫీ, ఏలకుల బన్ను పెడుతుంది. పడ్డవాడు మాట్లాడకుండా తిని, తర్వాతెప్పుడో రెండు దుంగలు తెచ్చి పడేసి వెళ్తాడు. పోలీసులకి చెప్పుకోవడమంటే పొరుగువాడి పరువు తీయడమని అక్కడివాళ్ల లెక్క. అలా తోడేలు మలుపు ప్రమాదాలన్నీ కాఫీలో కరిగిపోతూ వచ్చాయి.

"పోనీలే, మంత్రి వస్తున్నాడుగా. ఇసుకైనా చల్లుతారా?" అంది టోయినీ.

ఇస్మో టోపీని చేతుల్లో గుండ్రంగా తిప్పాడు. "ఇసుక చల్లితే అది ఆదర్శ మలుపు ఎలా అవుతుంది పిన్నీ? ఇసుక చల్లితే ఎవడైనా తిరుగుతాడు."

మిన్నా గారు రెండు రోజుల ముందే కెమెరావాళ్లతో దిగారు. కెమెరావాళ్లు కూడా శాఖ మనుషులే. ఆవిడ మలుపంతా నడిచి చూశారు, అంటే ఇస్మో భుజం పట్టుకుని జారుతూ చూశారు. రోడ్డు మీద బూడిద కనిపించింది.

"ఏమిటీ మురికి?"

"నా పొయ్యి బూడిదమ్మా. ఇసుక లేదని నేనే రోజూ చల్లుకుంటున్నా," అంది టోయినీ.

"తెరమీద అసహ్యంగా ఉంటుంది. తీయించండి," అన్నారు మిన్నా గారు. ప్రజల చొరవని ఆవిడ ఎంతో మెచ్చుకున్నారు కూడా.

పంచాయతీ మంచు బండి వచ్చి బూడిదతో పాటు పైమంచుని కూడా గీకేసింది. కింద గాజులాంటి గడ్డ బయటపడింది. ఆకాశంలో ఉన్న కాస్త వెలుగూ అందులో మెరిసింది. కెమెరావాళ్లు ముచ్చటపడ్డారు. మలుపు పక్కన పెద్ద చెక్క బోర్డు నిలబెట్టారు. దాని మీద మంత్రిగారి నవ్వుముఖం, పక్కన 'మలుపులో తొందర వద్దు, మీకోసం మేమున్నాం' అని మనిషెత్తు అక్షరాలు.

టోయినీ ఉండబట్టలేక మిన్నా గారి దగ్గరికి వెళ్లింది. "అమ్మా, మంత్రిగారిని మలుపు రాకముందే నెమ్మదించమని చెప్పండి. మలుపు మధ్యలో మాత్రం బ్రేకు తొక్కొద్దనండి. ఎదురుగా నా గోడ ఉంది."

"ఆ రెండు వాక్యాలూ ప్రసంగంలో ఉన్నాయండీ," అన్నారు మిన్నా గారు ఆప్యాయంగా.

ఆ రోజు రానే వచ్చింది. ఊరు ఊరంతా రోడ్డు పక్కన చేరింది. హిర్విలాంపి జనం చప్పట్లు కొట్టే రకం కాదు కాబట్టి చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డారు. దాన్ని మంత్రిగారి పరివారం క్రమశిక్షణగా గుర్తించింది.

మంత్రిగారి కారుకి దక్షిణాది టైర్లున్నాయి. ఉత్తరాదివాళ్లు గడ్డ మీద పట్టు కోసం టైర్లకి మేకులు వేయించుకుంటారు. ఔలిస్ వంగి చూసి, లేచి, టోయినీ పక్కకొచ్చాడు. "మేకులు లేవు," అన్నాడు. అంతకన్నా పొడుగు మాట అతను ఆ నెలలో అనలేదు. వెంటనే ట్రాక్టరు స్టార్ట్ చేయడానికి వెళ్లిపోయాడు.

కారు గుట్ట దిగసాగింది. పక్క సీట్లో కెమెరా. మంత్రిగారు స్టీరింగు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో దేశాన్ని ఉద్దేశించి మాట్లాడుతున్నారు. ఆయన చెప్పిన ప్రతి మాటా సత్యమే. అయితే మంచి మాటలకి కొంచెం వ్యవధి పడుతుంది, కారు ఆగలేదు. 'మలుపు రాకముందే వేగం తగ్గించాలి' అనేసరికి మలుపు వచ్చేసింది. 'చూపు వెళ్లవలసిన దారి మీదే ఉండాలి' అన్నప్పుడు ఆయన చూపు కెమెరా మీద ఉంది. 'ఎట్టి పరిస్థితుల్లోనూ బ్రేకు తొక్కకూడదు' అనే మాటకి బలం చేకూర్చడానికి ఆయన కాలు కూడా సాయపడింది.

కారు గాజు మీద గోళీకాయలా సాఫీగా వెళ్లి, పాత గోడలోంచి సౌనాలోకి దూరింది. దాని ముక్కు చెమట పట్టడానికి కూర్చునే బల్లని ఆనుకుని ఆగింది.

జనం జేబుల్లోంచి చేతులు తీయలేదు. మంత్రిగారికి చిన్న గీత కూడా పడలేదు. తాతల చేతి గొడ్డలి గాట్లున్న దుంగలు మంచులో చెల్లాచెదరుగా పడుంటే చూసి టోయినీకి మాత్రం నిజంగా ఏడుపొచ్చింది. అయినా కాళ్లు వాటంతటవే కాఫీ పెట్టడానికి వంటింటివైపు కదిలాయి. పెంపకం అలాంటిది.

ఇంతలో మిన్నా గారు కంగారుగా, "పెరడంతా గడ్డకట్టి ఉంది, మంత్రిగారు ఇంట్లోకి ఎలా నడుస్తారు?" అన్నారు. ఇస్మో పరుగెత్తి పంచాయతీ బండిలోంచి బస్తాలు దింపి, కారు తలుపు దగ్గర్నుంచి వంటింటి మెట్టు దాకా చక్కటి ఎర్ర ఇసుక పరిచాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనని కొందరనుకున్నారు. పూర్తిగా అదీ కాదు. కాలిన చేతులు టోయినీవి, ఆకులు మంత్రిగారికి.

"ఇసుక లేదన్నావు కదరా?"

"రోడ్డుకి లేదు పిన్నీ. ఇది ప్రోటోకాల్ ఇసుక."

మంత్రిగారు మూడు కప్పులు తాగారు. బన్ను కూడా రెండోది అడిగి తీసుకున్నారు. బయట ఔలిస్ కారుని లాగుతుంటే దుంగలు విరిగే చప్పుడు వినిపిస్తోంది.

"ఇప్పుడు దీన్ని పోలీసులకి..." అని మొదలుపెట్టారు మంత్రిగారు.

"మా ఊళ్లో ఆ అలవాటు లేదండీ," అన్నాడు ఇస్మో.

మంత్రిగారి ముఖం విప్పారింది. "స్థానిక సంప్రదాయాల్ని గౌరవించాలి. మన పార్టీ మొదట్నుంచీ అదే చెబుతోంది."

"మరి నా గోడ?" అంది టోయినీ.

మిన్నా గారు ఆమె చెయ్యి పట్టుకుని చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు. "చూడండి. ప్రమాదం నమోదైతేనే పరిహారం వస్తుంది. నమోదైతే ఇది ఆదర్శ మలుపు కాదు. ఆదర్శ మలుపు కాకపోతే మంత్రిగారికి ఇక్కడికి రావలసిన పనే లేదు. ఆయన రాకపోతే మీ గోడ ఎవరు పడగొట్టినట్టు?"

అప్పుడే లోపలికొచ్చిన ఔలిస్ ఈ మాటల్ని వేళ్ల మీద ఒకసారి, వెనక్కి ఒకసారి లెక్కపెట్టుకున్నాడు. ఎక్కడా తప్పు దొరకలేదు. కాఫీ పోసుకున్నాడు.

పరివారం వెళ్లిపోయాక టోయినీ చాలాసేపు పెరట్లో నిలబడింది. తర్వాత చీపురు, బక్కెట్టు తెచ్చి మంత్రిగారు నడిచిన ఇసుకంతా ఎత్తింది. ఆయన బూట్ల గుర్తులతో సహా తీసుకెళ్లి మలుపులో ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చల్లింది. బస్తాలో మిగిలింది కూడా వదల్లేదు. ఔలిస్ అడక్కుండానే వచ్చి, రోడ్డు పక్కనున్న పెద్ద బోర్డుని పీకి సౌనాకి నాలుగో గోడగా మేకులు కొట్టాడు. అక్షరాలు లోపలివైపు వచ్చాయి. బయటివైపు వస్తే కార్లవాళ్లు చదువుతూ దారి చూడరని అతని భయం.

క్రిస్మస్ ముందు సాయంత్రం టోయినీ సౌనా వేడెక్కించి, మంత్రిగారి నవ్వుకి ఎదురుగా కూర్చుంది. రాళ్ల మీద నీళ్లు చల్లినప్పుడల్లా ఆయన ముఖం చెమర్చింది. బయట కార్లు గుట్ట దిగాయి, మలుపు తిరిగాయి, చెరువు వైపు వెళ్లిపోయాయి. ఒక్కటీ లోపలికి రాలేదు. స్నానం చేసి ఇంట్లోకి వచ్చేసరికి పొయ్యి మీద పెట్టిన కాఫీ ఎవరూ తాగక అలాగే ఉంది. ఆమెకి అంత సంతోషం చాలా ఏళ్లుగా లేదు.

జనవరిలో మంత్రిగారు ఫలితాలు ప్రకటించారు. తోడేలు మలుపులో ఉద్యమానికి ముందు ప్రమాదాలు సున్నా, ఉద్యమం తర్వాత కూడా సున్నా. ఇసుక లేకుండా సాధించిన విజయమిది. హిర్విలాంపికి జాతీయ పురస్కారం ఇస్తున్నామని, దాన్ని తానే వచ్చి అందజేస్తానని చెప్పారు.

ఆ మధ్యాహ్నమే ఇస్మో ఫోన్ చేశాడు. "పిన్నీ, ఆదర్శ మలుపు మీద ఎవరో ఇసుక చల్లారని పైనుంచి అడుగుతున్నారు. ఎవరో నీకేమైనా తెలుసా?"

"మన ఊళ్లో ఎవరు ఏం చేశారని ఎవరూ చెప్పరు కదరా."

"అదీ నిజమేలే. మంత్రిగారు వచ్చేలోపు మంచు బండిని పంపించి గీకించేస్తాను. కారు మళ్లీ ఆయనే నడుపుతారట. పోయినసారి కాఫీ చాలా నచ్చిందన్నారు."

"ఇసుక తీస్తే నేను కాఫీ పెట్టను."

ఇస్మో తడబడ్డాడు. "ఇసుక ఉంచితే?"

"ఉంచితే కాఫీ అవసరమే ఉండదు."

ఇది తన స్థాయిలో తేలే విషయం కాదని, పైవాళ్లని అడిగి చెబుతానని ఇస్మో ఫోన్ పెట్టేశాడు. సాయంత్రానికి మళ్లీ ఫోన్ చేసి జవాబు చెప్పాడు. ఇసుక విషయం పరిశీలనలో ఉంది. కాఫీ మాత్రం శాఖవాళ్లే వెంట తెచ్చుకుంటారు, టోయినీ గారు శ్రమపడనక్కర్లేదు.

టోయినీ ఫోన్ చేతిలోంచి దించకుండానే ఔలిస్ నంబరు నొక్కింది.

"ఔలిస్, సౌనా గోడకి మళ్లీ దుంగలు కావాలి, అడవిలో ఎప్పుడు కొడుతున్నావు?"