బెల్టు ఏసుకునే అల్లుడు

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి లలితకుమారి తన భర్త విశ్వేశ్వరరావు చేతిలో ఒక గుడ్డసంచీ, ఒక చీటీ పెట్టింది. వంకాయలు, కొత్తిమీర, రెండు కొబ్బరికాయలు, నాలుగు మూరల మల్లెపూలు. సాయంత్రం నాలుగింటికి దిల్‌సుఖ్‌నగర్‌లోని వాళ్ల ఫ్లాటుకు మగపెళ్లివారు వస్తున్నారు.

"కొత్తపేట రైతుబజారుకి వెళ్లడం, రావడం. దారిలో ఎక్కడా ఆగకండి," అంది.

"ఎక్కడ ఆగుతానే?"

"మీరెక్కడ ఆగుతారో నాకు తెలుసు. పిల్ల మీద ఒట్టేశారు. గుర్తుంచుకోండి!"

ఆ ఒట్టుకో కథ ఉంది. విశ్వేశ్వరరావు భీమవరం నుంచి వచ్చి ఇక్కడే జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పాడు. చెప్పిన లెక్కలు ఎవరికి గుర్తున్నాయో గానీ, పరీక్ష హాల్లో ఆయన పట్టిన చీటీలు మాత్రం ఎవరూ మర్చిపోలేదు. మేజోళ్లలోంచి తీశాడు, కాలరు మడతలోంచి తీశాడు, ఒకసారి వాటర్ బాటిల్ లేబుల్ లోపలి వైపు నుంచి తీశాడు. రిటైరయ్యాక హాలు లేదు, కన్ను మాత్రం అలాగే ఉంది. కూతురు తన్మయికి వచ్చిన పదకొండు సంబంధాలూ ఆ కంటికే బలైపోయాయి. ఒక పెళ్లికొడుకు ఎత్తు రెండు చోట్ల రెండు రకాలుగా రాసి ఉందని వద్దన్నాడు. ఇంకొకణ్ణి వాళ్ల అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ మరీ పొగిడాడట, అందుకని వద్దన్నాడు. "అంతలా పొగుడుతున్నాడంటే లోపల ఏదో ఉంది," అన్నాడు.

ఈ పన్నెండో అబ్బాయి సాయినాథ్‌ని తన్మయే చూసుకుంది. స్నేహితురాలి పెళ్లిలో అతను వీడియో తీస్తుంటే పరిచయమయ్యాడు. నల్గొండ పక్క పల్లె నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో స్థిరపడిన కుటుంబం. తండ్రి లచ్చయ్య ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. "నాన్నా, ఈసారి నువ్వు ఎంక్వైరీకి వెళ్లావని తెలిస్తే నేనిక జన్మలో పెళ్లి మాటెత్తను," అని తన్మయి తండ్రి చెయ్యి తన నెత్తిన పెట్టించుకుని మరీ ఒట్టు వేయించుకుంది.

పాపం, ఆయన అనుమానం ఊరికే పుట్టింది కాదు. చెల్లెలు అమ్మాజీ పెళ్లికి ఆయన ఎవర్నీ ఏమీ అడగలేదు. కుర్రాడు అందగాడు, ఉద్యోగస్థుడు, ఇంకేం కావాలి అనుకున్నాడు. వాడు తాగుబోతని పెళ్లయిన పదహారో రోజు తెలిసింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లు అమ్మాజీ పడిన బాధ తలుచుకుంటే ఆయనకు ఇప్పటికీ అన్నం సహించదు. ఏ తప్పునైనా క్షమిస్తాడు గానీ మందు వాసన వచ్చిన ఇంటికి పిల్లనివ్వడు.

కాబట్టి స్కూటరు రైతుబజారు దగ్గర ఆగింది, కూరలు ఎక్కించుకుంది, ఇంటి వైపు తిరగాల్సిన చోట ఎల్బీనగర్ వైపు తిరిగింది. ఇది ఎంక్వైరీ కాదు, ఇల్లు చూసుకోవడం మాత్రమే అని ఆయన తనకు తానే నచ్చజెప్పుకున్నాడు.

లచ్చయ్య ఇల్లు రెండంతస్తుల మేడ. గేటు పక్కనే ఇస్త్రీ బండి. బండి దగ్గర సైదమ్మ చొక్కాల మీద నీళ్లు చల్లుతోంది.

"ఇక్కడ టూలెట్ ఏమైనా ఉందా అమ్మా?"

"లేదు సారు."

"పైన ఉండేవాళ్లు ఎలాంటివాళ్లు?"

"లచ్చయ్యసారోళ్లా? మస్తు మంచోళ్లు. పోరడు సాయి గూడ బంగారమే. గా బెల్టు ఒక్కటే తల్లికి పరేషాన్."

"బెల్టా?"

"బెల్టు లేకుంటె చేతులు వణుకుతయంట సారు. ఏసుకున్నడనుకో, ఇగ చూడు, జర్రంత గూడ ఊగడు!"

ఆమె చెబుతున్నది సాయినాథ్ ఒంటికి కట్టుకునే కెమెరా సరంజామా గురించి. భుజాలకూ నడుముకూ బిగించే జాకెట్టు, దానికో ఇనప చెయ్యి, ఆ చేతి చివర కెమెరా. ఎంత నడిచినా బొమ్మ వణకదు. దాని అసలు పేరు పలకలేక వాడకట్టంతా బెల్టు అంటున్నారు. కానీ లైసెన్సు లేకుండా కిరాణా కొట్టు వెనక మందు అమ్మే చోటును కూడా బెల్టు షాపే అంటారు కదా! విశ్వేశ్వరరావు చెవిన పడింది ఆ బెల్టు.

"రోజూనా?" అన్నాడు నీరసంగా.

"ముహూర్తాలుంటె దినాం. ఇంతకుముందు దోస్తులది ఏసుకునెటోడు. పోయిన వారం నాదర్‌గుల్ పోయి సొంతంగ తెచ్చుకున్నడు. ఒకపారి ఏసుకున్నంక సొంతంగ విప్పుకోరాదు సారు, ఇంటికొచ్చినంక తల్లే విప్పాలె."

"తల్లి... విప్పాలా?"

"మరేంది? ఒళ్లంత చెమట, నడుము గుంజుడు. గదో, మీదనే ఉన్నడు చూడుండ్రి. పొద్దుగాల ఆరింటి సంది గదే పని."

విశ్వేశ్వరరావు తలెత్తి చూశాడు. మేడ మీద పిట్టగోడ అడ్డం. గోడ పైన సాయినాథ్ తల మాత్రమే కనిపిస్తోంది. ఆ తల వెనక్కి వెనక్కి పోతోంది. అతని స్నేహితుడెవడో వెనక నుంచి నడుం పట్టుకుని, "మెల్లగ... మెల్లగ రా... ఎనుక తొట్టి ఉన్నది... కాళ్లు వంచు," అంటున్నాడు. టైము తొమ్మిదిన్నర. పొద్దున్న తొమ్మిదిన్నరకే నడుం పట్టుకుని నడిపించాల్సిన స్థితిలో ఉన్నాడు తన కాబోయే అల్లుడు!

అంతలో జేబులో ఫోను మోగింది. లచ్చయ్య.

"నమస్తె సార్. సాయంత్రం జర ఆలస్యమైతదేమో అని చేసిన. మావోడు బెల్టు ఏసుకోని పనికి పోతుండు. దిగేసరికి మూడైతది."

"దిగేసరికా!" అన్నాడు విశ్వేశ్వరరావు. "మీకు... మీకు తెలుసా అండీ ఈ సంగతి?"

"తెలువకేంది సార్? నేనే దగ్గరుండి ఇప్పించిన. కాలేజీల చదివేకాడ్నుంచి వానికి గదే పావురం, గదే పానం."

"తండ్రి అయ్యుండి మీరే ఇప్పించారా?"

"తండ్రి గాకపోతె ఎవలు ఇప్పిస్తరు సార్!" లచ్చయ్య గర్వంగా నవ్వాడు. "సాయంత్రం మీ ఇంటికి గూడ పట్టుకొస్తడు. మీరు గూడ ఒకపారి ఏసుకోని చూద్దురు. మొదట్ల జర కష్టమనిపిస్తది, అలవాటైతె గాల్ల తేలినట్టే ఉంటది."

ఫోను పెట్టేశాక ఆయనకు అమ్మాజీ ముఖం కళ్ల ముందు మెదిలింది. సంబంధం వద్దని ఇప్పుడే చెప్పేయవచ్చు. కానీ ఎలా తెలిసిందని తన్మయి అడుగుతుంది. ఒట్టు తప్పానని ఒప్పుకోవాలి, పైగా ఇస్త్రీ ఆవిడ మాట పట్టుకుని చెప్పానంటే నమ్మదు. చీటీ చేతికి దొరక్కుండా ఆయన ఏ విద్యార్థినీ ఎప్పుడూ హాల్లోంచి పంపలేదు. సాక్ష్యం కావాలి. సాక్ష్యం నాదర్‌గుల్‌లో ఉంది.

మీర్‌పేట్ మీదుగా నాదర్‌గుల్ చేరేసరికి పదకొండు. ఇద్దరు ముగ్గుర్ని గొంతు తగ్గించి బెల్టు షాపెక్కడని అడిగితే, రోడ్డు పక్కన ఉన్న ఒక కిరాణా కొట్టు చూపించారు. బిస్కెట్ల సీసాల వెనక కూర్చున్న రామస్వామి ఈయన్ని కింది నుంచి పై దాకా చూశాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, నెత్తిన హెల్మెట్. అవన్నీ అతనికి అనుమానంగానే కనిపించాయి.

"హెల్మెట్ తియ్యి సారు. ఎక్సైజా?"

"కాదయ్యా." విశ్వేశ్వరరావు హెల్మెట్ తీసి, ఫోనులో సాయినాథ్ ఫొటో చూపించాడు. "ఈ అబ్బాయి మీ దగ్గరికి వస్తుంటాడా?"

"ఫొటోలు వట్టుకోని తిరుగుతున్నవు, ఎక్సైజ్ కాదంటవు?"

"నిజంగా కాదు. ఒట్టు!"

"గట్లయితె ఒక క్వార్టర్ కొను. ఎక్సైజోళ్లు పైసలిచ్చి కొనరు."

ఈ తర్కంలో ఆయనకు తప్పు కనిపించలేదు. జీవితంలో మొదటిసారి మందు సీసా చేత్తో పట్టుకున్నాడు. రామస్వామి ఫొటో వంక ఇంకోసారి చూసి, "మా కాడికి వచ్చేటోళ్ల మొఖాలు మేం చూడం సార్," అని బిస్కెట్లు సర్దుకోవడంలో పడిపోయాడు. విశ్వేశ్వరరావుకు ఒళ్లు మండిపోయింది. అయినా బయటికొచ్చి సీసాను ఎత్తి వెలుతురుకు పెట్టి, మీద ఏం రాసి ఉందో చదివి, మూత వాసన చూశాడు. సాయంత్రం అబ్బాయి నోటి వాసనతో పోల్చుకోవడానికి పనికొస్తుందనుకున్నాడు. అటూ ఇటూ చూసి కొత్తిమీర కింద దాచాడు. రోడ్డుకు అవతల పొడుగాటి గౌను వేసుకున్న అమ్మాయీ, సూటు వేసుకున్న అబ్బాయీ చేతులు పట్టుకుని నడుస్తున్నారు, వాళ్లకు అవతల నుంచి ఎవరో వీడియో తీస్తున్నారు. ఈ రోజుల్లో ఇదొక పిచ్చి అని విసుక్కుని స్కూటరెక్కాడు. ఇంటికొచ్చి, టైరు పంక్చరయిందని లలితకుమారికి చెప్పి, సీసాను చాటుగా షూ ర్యాకులోకి మార్చాడు.

సాయంత్రం నాలుగున్నరకు లచ్చయ్య, ఆయన భార్య అరుణమ్మ, సాయినాథ్ వచ్చారు. సాయినాథ్ భుజాన పెద్ద నల్ల సంచి. విశ్వేశ్వరరావు గుమ్మంలోనే అతణ్ణి గట్టిగా కౌగిలించుకుని, ముఖం దగ్గరికి ముక్కు తీసుకెళ్లి గుండెల నిండా గాలి పీల్చాడు. లలితకుమారి మురిసిపోయింది. అబ్బాయి నుంచి నడుం నొప్పికి రాసుకునే తైలం వాసన తప్ప ఇంకేమీ రాలేదు. 'కప్పిపుచ్చడానికి రాసుకొచ్చాడు,' అనుకున్నాడు ఆయన.

పులిహోర తిన్నారు, కాజాలు తిన్నారు. అప్పుడు లచ్చయ్య తొడ మీద చరిచి, "రా బిడ్డా, సారుకు బెల్టు చూపెట్టు," అన్నాడు. విశ్వేశ్వరరావు కుర్చీ అంచుకు జరిగాడు. ఇదిగో, ఇప్పుడు దొరికాడు! సంచి జిప్పు జారింది. లోపలి నుంచి బకిల్సున్న నల్ల జాకెట్టు వచ్చింది. తర్వాత స్ప్రింగులున్న ఇనప చెయ్యి, దాని తర్వాత కెమెరా.

"ఇది స్టెబిలైజర్ అంకుల్. మా ఇంట్ల అందరు బెల్టే అంటరు," అన్నాడు సాయినాథ్ సిగ్గుపడుతూ. "నాదర్‌గుల్ల దోస్తు కాడ కొన్న. ఇది లేకుంటె చేతులు వణికి బొమ్మ ఊగుతది."

విశ్వేశ్వరరావుకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అయ్యో, ఎంత మంచి పిల్లాణ్ణి ఎంత మాట అనుకున్నాను! లేచి ఇంకోసారి కౌగిలించుకున్నాడు, ఈసారి వాసన చూడకుండా. తన్మయి ముఖంలో వెలుగు చూసి ఆయన కళ్లు చెమర్చాయి.

"పొద్దుగాల తీసింది టీవీల పెడత అంకుల్. ఇంకా నేను గూడ చూస్కోలేదు. నడుసుకుంటనే తీసిన, ఒక్క కుదుపు దొరికితె చెప్పుండ్రి."

టీవీలో బొమ్మ వచ్చింది. నున్నగా, నీళ్ల మీద జారినట్టు పోతోంది. గౌను వేసుకున్న అమ్మాయి, సూటు వేసుకున్న అబ్బాయి, వెనక రోడ్డు, రోడ్డు అవతల కిరాణా కొట్టు. కొట్లోంచి హెల్మెట్ చంకలో పెట్టుకుని ఒక పెద్దమనిషి బయటికొచ్చాడు. సీసా ఎత్తి వెలుతురుకు పెట్టి చూశాడు. మూత వాసన చూశాడు. అటూ ఇటూ చూసి కొత్తిమీర కింద దాచాడు. మామూలు కెమెరా అయ్యుంటే ఆ ముఖం అలుక్కుపోయేది. ఆ పాడు బెల్టు పుణ్యమా అని చొక్కా జేబులోని పెన్ను రంగు కూడా తెలుస్తోంది.

లలితకుమారి చేతిలో కాజాల పళ్లెం అలాగే ఉండిపోయింది.

"సార్," అంది అరుణమ్మ నెమ్మదిగా. "గది బెల్టు షాపు గదా. పొద్దుగాల్నే మీరు గాడ..."

విశ్వేశ్వరరావు కూతురి వైపు చూశాడు. తన్మయి కళ్లు చిన్నవయ్యాయి. ఆ చూపు ఆయనకు బాగా తెలుసు, అది ఆయన చూపే. తండ్రి మందు ముట్టడని ఆ పిల్లకు తెలుసు. మరి నాదర్‌గుల్ ఎందుకు వెళ్లినట్టు? ఇంకో అరనిమిషం ఆగితే లెక్క తేలిపోతుంది. ఎంక్వైరీకి వెళ్లానని ఒప్పుకుంటే ఒట్టు తప్పినట్టు, వచ్చినవాళ్లను అవమానించినట్టు, పన్నెండో సంబంధం కూడా పోయినట్టు.

"అవునమ్మా. నాకు... అప్పుడప్పుడు అలవాటుంది."

"ఏవండీ!" అని లలితకుమారి కుర్చీలో కూలబడింది. "ముప్పై రెండేళ్లు కాపురం చేశాను. ఎన్నాళ్లుగా సాగుతోంది ఇది?"

"అరె, గింతదానికేంది," అంటుంటే లచ్చయ్య ముఖం వెయ్యి దీపాలంత అయింది. "లెక్చరర్ సారంటె ఎట్లుంటడో ఏమో అని బుగులు పడ్డ. మా లెక్కనే ఉన్నడు! ఇగ ఏం ఫికర్ లేదు, ఖాయం చేస్కుందం!"

"నువ్వు జర సప్పుడు చెయ్యకు," అని అరుణమ్మ మొగుణ్ణి గదిమింది. "నీ ఒక్కనితోనే నేను సస్తున్న. ఈయన గూడ జత కలిస్తె పిల్లలు ఎవల్ని సూసుకోవాలె? అన్నా, పిల్ల బంగారమసొంటిది, సంబంధం మాకు నచ్చింది. కని ఒక్క మాట. ఇయ్యాల్టి సంది మందు బందు. మీ దేవుని ముంగట దీపం ముట్టించి ఒట్టెయ్యిండ్రి."

మందు అసలు ఎవరింట్లో ఉందో విశ్వేశ్వరరావుకు అప్పుడు తెలిసింది, కానీ కాదనే దారి తనే మూసుకున్నాడు. తన్మయే దీపం వెలిగించింది. వెలిగిస్తూ తండ్రి చెవి దగ్గర, "ఎంక్వైరీకేగా?" అంది. ఆయన దేవుడి పటం వైపు తిరిగాడు. ఆ పిల్ల పెదవి కొరుక్కుని, ఆయన చెయ్యి పట్టుకుని తనే దీపం మీద పెట్టించింది. ఆయన ఒట్టేశాడు. అరుణమ్మ కళ్లు తుడుచుకుంది. సీసా షూ ర్యాకులోంచి బయటికి తీసి, లచ్చయ్య ఎంత బతిమాలినా వినకుండా సింకులో పారబోశారు. తాంబూలాలు మార్చుకున్నారు.

ఆ రోజు నుంచి విశ్వేశ్వరరావు ఒక్క చుక్క ముట్టలేదు; అంత తేలిగ్గా మందు మానేసిన మనిషిని తన జన్మలో చూడలేదని లచ్చయ్య ఇప్పటికీ అందరికీ చెబుతుంటాడు.