మూడు చెవుల సింహం

ఆ ఉదయం మోగాకా పెట్టుకున్న పని చాలా చిన్నది. వంటపాక ముందు గిన్నెలు తోముకునే బండను పెకలించి, కొత్తది వేయాలి. నెల్లాళ్లుగా భార్య బోసిబోరి ఇదే పోరు. మోగాకా తొందరకు మాత్రం కారణం వేరు. టబాకా కొండల్లో సబ్బురాయి చెక్కడంలో అతన్ని మించినవాడు లేడని పేరు. అంతటివాడు పదిహేడో ఏట మొట్టమొదట చెక్కిన సింహం ఆ బండే. మూడు చెవులు, ఎటు చూస్తోందో తెలియని ముఖం. సిగ్గుతో దాన్ని నేలలో పరిచేసి, పెళ్లాం చేత ముప్ఫై ఏళ్లు బూడిదతో తోమించాడు. మెత్తటి రాయి గనుక సగం అరిగింది. మిగిలిన సగం కూడా ఎవరి కంటా పడకూడదని అతని పట్టుదల.

గడ్డపారతో లేపాడో లేదో, "ఆగండి!" అని గుమ్మంలోంచి కేక వినిపించింది. పై అధికారికి బహుమతిగా నీటిగుర్రం బొమ్మ కొందామని వచ్చిన పురావస్తు అధికారి కిలోంజో ఆయన.

"ఎవరు చెక్కారిది?"

మోగాకా గడ్డపార పక్కన పడేశాడు. "ఏమో సార్. మా ముత్తాతల కాలం నుంచీ ఇక్కడే పడుంది."

ఆ ఒక్క అబద్ధమే కొంప ముంచింది. కిలోంజో మోకాళ్ల మీద కూలబడి, భూతద్దం తీసి, బండ మీది నలుపును గోటితో గీకాడు.

"ఎనిమిది పొరల మసి! పొరకు నూరేళ్లు వేసుకున్నా ఎనిమిది వందల ఏళ్ల నాటిది."

"అది మొన్న మాడిన ఉగాలి సంకటి సార్," అంది బోసిబోరి. "కుండ దించవయ్యా అంటే ఈయన దించలేదు."

"మీరు కాస్త ఊరుకోండమ్మా. ఈ అరుగుదల చూశారా? తరతరాల భక్తులు తడిమిన గుర్తు. ఈ మూడో చెవి వానదేవుడి మాట వినడానికి."

మధ్యాహ్నానికి ఊరంతా దిగింది. పాక చుట్టూ ఎర్రతాడు కట్టారు. పొగకు రాయి పాడవుతుందని పొయ్యి ఆర్పించారు. పక్కింటి ముసలాయన న్యాకుండి, తన అమ్మమ్మ ఈ రాయికి మొక్కే వాన కురిపించిందని కన్నీళ్లతో చెప్పాడు. అది విని కిలోంజో పులకించిపోయి అసలు కబురు చెప్పాడు. "ఇక ఈ స్థలం ప్రభుత్వానిది. వారంలో ఇల్లు ఖాళీ చేయండి."

బోసిబోరి మొగుడి వైపు తిరిగింది. "ఏమయ్యా, నీ మొహం చూస్తే నాకు తెలియదా? ఏం దాస్తున్నావో కక్కు!"

పరువు చూసుకుంటే గూడు పోతుంది, గూడు చూసుకుంటే పరువు పోతుంది. మోగాకా కళ్లు మూసుకుని అనేశాడు. "నేనే చెక్కాను సార్."

ఊరు ఊరంతా ఫక్కున నవ్వింది.

"మీరా!" అన్నాడు కిలోంజో. "మీ పనితనం నేనెరగనా? ఇంత దరిద్రం... అదే, ఇంత ప్రాచీనం మీ చేతికి వస్తుందా? ఏదీ, చెక్కి చూపించండి."

మోగాకా పాపం నానా తంటాలు పడ్డాడు. ఎడమచేత్తో చెక్కాడు, కళ్లు మూసుకుని చెక్కాడు. పాడు చేయి మాట వింటేనా! సింహం దర్జాగా తయారైంది. కావాలని పెట్టిన మూడో చెవి పూవులా కుదిరింది.

"చూశారా? ఇది ఈ కాలపు మనుషుల వల్ల అయ్యే పని కాదు!"

"నువ్వు జరుగు," అంది బోసిబోరి. టబాకాలో చెక్కడం మగవాళ్ల పని, నునుపు పట్టడం ఆడవాళ్ల పని. ఆమె జన్మలో ఉలి పట్టలేదు. ఇల్లు పోతోందన్న కోపంలోనే కత్తి అందుకుని పావుగంట సేపు రాయిని చెడామడా నరికి అవతల పెట్టింది. అవే చెవులు. అదే ముఖం. అచ్చు గుద్దినట్టు అదే దరిద్రం.

కిలోంజో దాన్నీ పాత బండనూ పక్కపక్కన పెట్టి చూసి, భూతద్దం జేబులో వేసుకుని, ఎర్రతాడు విప్పేశాడు. వెళ్లబోతూ, "ఇందాకటి నీటిగుర్రం వద్దులెండి. అమ్మగారు చెక్కింది ఇవ్వండి," అన్నాడు. "నాకొకటి," అన్నాడు న్యాకుండి.

ఇప్పుడు ఆ ఇంట్లో బోసిబోరి చెక్కుతుంది, మోగాకా పక్కన కూర్చుని నీళ్లు చల్లుతూ నునుపు పడతాడు.

"మరీ అందంగా రుద్దకయ్యా, గిరాకీ పోతుంది," అని ఆమె రోజూ కసురుతుంది.

మోగాకా శ్రద్ధగానే వింటాడు గానీ, ఆ విద్య అతనికి ఇంకా పట్టుబడలేదు.