ఏకసభ్య సైకిల్ ఎంపిక సంఘం

సైకిల్ కొనడం నేరం కాదు. తులనాత్మక పట్టిక వేయకుండా సైకిల్ కొనడం మాత్రం నేరానికి ఏమంత తక్కువ కాదని నా నిశ్చితాభిప్రాయం. ఈ అభిప్రాయం ఊరికే ఏర్పడలేదు. పంతొమ్మిదేళ్ళుగా నేను ఆఫీసులో కొనుగోళ్ళ విభాగంలో ఉన్నాను. అక్కడ గోడగడియారం కొనాలన్నా మూడు కొటేషన్లు, రెండు సంతకాలు, ఒక అభ్యంతరం ఉండి తీరాలి. (అభ్యంతరం ఎవరూ చెప్పకపోతే నేనే చెబుతాను. పద్ధతి పద్ధతే.) మా ఆఫీసులో ఇప్పుడు టైమెంతయిందో ఎవరికీ తెలియదు గానీ, గడియారం ఫైలు మాత్రం కళ్ళకద్దుకునేలా ఉంటుంది.

మా అమ్మాయి బడి నేను ఆఫీసుకు వెళ్ళే దారిలోనే ఉంది. ఏడో తరగతి మొదలైన రోజు పొద్దున తను సైకిల్ తుడుచుకుంటూ నాతో అంది:

"నాన్నా, మన దారి ఒకటయ్యేది ఈ ఒక్క ఏడాదే. ఎనిమిదో తరగతికి బడి ఊరికి అటువైపుకి మారిపోతుంది. నువ్వూ సైకిల్ కొనుక్కోవచ్చు కదా, రోజూ కలిసి వెళ్దాం."

నా గుండె నిండిపోయింది. ఆ నిండిన గుండెతోనే వెళ్ళి కొత్త ఫైలు తెరిచాను.

సైకిల్ ఎంపిక సంఘానికి అధ్యక్షుణ్ణి నేనే, కార్యదర్శినీ నేనే, విభేదించే సభ్యుణ్ణీ నేనే. మా ఆవిడను ప్రత్యేక ఆహ్వానితురాలిగా నియమించాను. మొదటి సమావేశానికి ఆవిడ రాలేదు. వంటింట్లోంచే ఒక మాట పడేసింది.

"మా తమ్ముడి సైకిల్ కింద పడుంది కదండీ. గాలి కొట్టించుకుని రేపట్నించే వెళ్ళండి."

నాలుగో నిబంధన ప్రకారం తాత్కాలిక ఏర్పాట్లు నిషిద్ధమని వివరించాను. (మా ఆఫీసులో తాత్కాలికంగా వేసిన కుర్చీలోంచే ఒకాయన పదవీ విరమణ చేశాడు.)

మొదటి నెలలోనే సంఘం ఒక గొప్ప నిర్ణయం తీసుకుంది. బయటికి కనపడే గేర్లు పనికిరావు. వాటికి బురద అంటుకుంటుంది, వాన పడితే తుప్పు పడుతుంది. కాబట్టి గేర్లన్నీ వెనక చక్రం మధ్యలో ఉండే హబ్బులోనే మూసిపెట్టి ఉండాలి. హబ్బు గేరు గురించి చదివేకొద్దీ నాకు దాని మీద గౌరవం పెరిగింది. లోపల ఏం జరుగుతోందో బయటివాళ్ళకు తెలియదు. బరువెక్కువ. మామూలు మనిషి విప్పలేడు. నాకు సొంత విభాగాన్ని చూసినట్టే అనిపించింది.

ఇక ఎన్ని గేర్లు కావాలన్నది ప్రశ్న. మూడు, అయిదు, ఏడు, ఎనిమిది, పదకొండు దొరుకుతాయి. తేల్చాలంటే దారిలో ఎత్తుపల్లాలు కొలవాలి. సెలవు పెట్టి, మేస్త్రీలు వాడే రసమట్టం అద్దెకు తెచ్చి, ఇంటి నుంచి ఆఫీసు దాకా ఆరు కిలోమీటర్లు వంగి నడిచాను. ఎండలో ఒకసారి, వానలో ఒకసారి, ఎదురుగాలిలో ఒకసారి కొలిచాను. పద్నాలుగు పేజీల నివేదిక తయారైంది. దాని సారాంశం: దారిలో కాలువ మీద ఒక వంతెన ఉంది.

నివేదిక పట్టుకుని సైకిల్ షాపుకు వెళ్ళాను. షాపాయన మొదటి పేజీ కూడా తిప్పలేదు.

"ఒక్క వంతెనేగా సార్? మూడు గేర్లు చాలు. ఇదిగో, ఎక్కి ఓ రౌండు వేసి రండి."

"ఎక్కడం మూడో దశలో ఉంది. ఇది మొదటి దశ."

"ఎక్కకుండా ఎలా తెలుస్తుంది సార్?"

"ఎక్కితే ఇష్టం పుడుతుంది. ఇష్టం పుడితే నిష్పాక్షికత పోతుంది. సరే గానీ, దీని లోపల గేర్లు ఉన్నాయని రుజువేమిటి?"

"మార్చి చూస్తే తెలుస్తుంది."

"ఫోటో ఉందా?"

"మూసున్నదానికి ఫోటో ఎట్లా వస్తుంది సార్?" అని ఆయన నా వంక జాలిగా చూసి ఇంకో బేరం చూసుకున్నాడు.

చేసేదేం లేక, గేర్లు లోపలే ఉన్నాయంటూ ధ్రువపత్రం ఇమ్మని తయారీదారుల యాప్‌లో అర్జీ పెట్టాను. 'మీ ప్రశ్న మాకెంతో ముఖ్యం' అని జవాబొచ్చింది. ఏడు వారాలపాటు అదే జవాబు, అక్షరం పొల్లుపోకుండా వచ్చింది. అంత నిలకడ ఉన్న సంస్థ మీద నాకు నమ్మకం కుదిరింది.

ఇక్కడ మా పై అంతస్తు టైలరు గురించి చెప్పాలి. వాళ్ళ పాప, మా అమ్మాయి ఒకే తరగతి. బడి తెరిచిన నాలుగో రోజు ఆయన దారపు ఉండలు తేవడానికి వెళ్ళి, దారిలో ఎవరో అమ్ముతుంటే పాత సైకిలొకటి కొనుక్కొచ్చాడు. దానికి గేర్లు లేవు. మెట్ల మీద కనపడితే, ఏ ప్రాతిపదికన ఎంచుకున్నారని అడిగాను.

"ఎంచుకోవడమేంటి సార్? రెండు చక్రాలున్నాయి, బ్రేకులు పడుతున్నాయి. ఇంకేం కావాలి?" అన్నాడు.

నాకు ఆయన మీద నిజంగా జాలేసింది. మర్నాటి నుంచి పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని బడికి వెళ్ళడం మొదలుపెట్టాడు. దీన్ని 'అన్యుల ద్వారా మధ్యంతర ఏర్పాటు' అని ఫైల్లో నమోదు చేశాను. అందువల్ల తొందర అవసరం లేదని కింద ఇంకో వాక్యం కూడా రాసుకున్నాను.

మా అమ్మాయి మొదట్లో వారం వారం అడిగేది.

"అయిందా నాన్నా?"

"తుది దశలో ఉంది తల్లీ."

"పోయిన వారమూ అదే అన్నావు."

"అది మొదటి తుది దశ."

తర్వాత నెలకోసారి అడిగింది. ఆ తర్వాత అడగడం మానేసింది. 'వినియోగదారు నుంచి ఫిర్యాదులు పూర్తిగా తగ్గాయి. సంతృప్తికరం' అని రాసి సంతకం చేశాను.

ఏడు గేర్లా ఎనిమిది గేర్లా అని సంఘంలో తీవ్ర అభిప్రాయభేదాలు నడుస్తున్న ఒక ఆదివారం, మా ఆవిడ కాఫీ గ్లాసు తెచ్చి సరిగ్గా పట్టిక మీద పెట్టింది.

"పిల్ల సైకిల్ సీటు ఈ ఏడాదిలో రెండుసార్లు పైకెత్తాల్సొచ్చింది, తెలుసా? రెండుసార్లూ టైలరుగారే ఎత్తిచ్చారు. ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దవాళ్ళు."

"నిదానమే ప్రధానం అని కూడా అన్నారు."

"అన్నారు. మీ ఫైలు తేలేదాకా పిల్ల ఎదగడం ఆపుతుందని మాత్రం ఎవరూ అనలేదు."

నాకు సిగ్గేసింది. సిగ్గుకు పట్టికలో గడి లేదు. అయినా ఆ సాయంత్రమే విభేదించే సభ్యుణ్ణి సంఘంలోంచి తొలగించి, ఎనిమిది గేర్ల సైకిల్‌కు ఏకగ్రీవంగా ఆమోదం తెలిపాను. ఆర్డరు పెట్టాక ఇల్లు అలకగానే పండగ కాదని తెలిసింది. సైకిల్ రావడానికి అయిదు వారాలు పట్టింది. బడి ఆఖరి రోజుకు ముందు రోజు చేతికొచ్చింది.

ఆ ఆఖరి రోజు పొద్దున నలుగురం బయల్దేరాం. వంతెన దగ్గర నేను పద్ధతి ప్రకారం గేర్లు ఒక్కొక్కటే తగ్గించుకుంటూ వెళ్ళాను. టైలరు పెడళ్ళ మీద లేచి నిలబడి నాలుగు తొక్కులు తొక్కి పైకి చేరుకున్నాడు. పిల్లలిద్దరూ అప్పటికే పైన ఆగి ఉన్నారు.

"ఇక్కడ రోజూ ఆగుతాం నాన్నా," అంది మా అమ్మాయి. "కాలువలో పడవ ముందు ఎవరికి కనపడితే వాళ్ళు ముందు వంతెన దిగాలి. నీకు తెలీదు కదా, నువ్వు ఆఖర్న దిగు."

వాళ్ళ ముగ్గురికీ ఒక నిబంధనావళి ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఏడాదంతా అమల్లో ఉన్నది అదొక్కటే. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఎదురుగాలికి కళ్ళు మండుతున్నాయని చెప్పాను. గాలి వెనకనుంచి వీస్తోంది.

ఆఖరి రోజు కనుక పెద్దవాళ్ళు కూడా బడి లోపలికి వెళ్ళవచ్చు. గేటు దగ్గర వాచ్‌మన్ ముందు ఒక రిజిస్టరు ఉంది. టైలరును చూడగానే అతను నవ్వుతూ లేచాడు.

"రండి సార్, రండి. ఇద్దరు పిల్లల నాన్నగారు, మీరు రాకపోతే ఎలా!" అని నా వైపు తిరిగాడు. "మీరెవరండీ?"

"ఈ అమ్మాయి నాన్నని."

అతను అమ్మాయిని చూశాడు, టైలరును చూశాడు, కాసేపు నా సైకిల్ చూశాడు. "ఏడాదిగా గేటులో ఉన్నాను. మిమ్మల్ని ఒక్కరోజూ చూడలేదే!"

ఆఫీసు గుర్తింపు కార్డు చూపించాను. అందులో నా హోదా ఉంది, రక్తం గ్రూపు ఉంది. ఎవరికి నాన్ననో లేదు.

"మా నాన్నేనండీ," అంది మా అమ్మాయి.

"పిల్లల మాట మీద పంపకూడదమ్మా. రోజూ వచ్చేవాళ్ళెవరైనా పూచీ సంతకం పెట్టాలి. రూలు."

టైలరు చెవి మీది పెన్సిల్ తీసి, ఈయన ఈ అమ్మాయికి తండ్రేనని నాకు తెలుసు అని రాసి సంతకం పెట్టాడు. "మంచాయనేనండీ, కాస్త పని ఒత్తిడి ఎక్కువ," అని నోటితో కూడా చెప్పాడు.

నేను ఊరుకోలేక ఆ రూలు అడిగి చూపించుకుని రెండుసార్లు చదివాను. ఎక్కడా లోపం లేదు. నేను రాసినా సరిగ్గా అలాగే రాసేవాణ్ణి.