వంటింటి పెట్టె

రాజమండ్రి నుంచి హైదరాబాదుకు ఇల్లు మారిన రోజు, సామాను తరలించే కంపెనీ వాళ్లు ఇందుమతిని కూడా వంటింటి గిన్నెలతో పాటు అట్టపెట్టెలో సర్దారు. అందులో వింతేమీ లేదు. పూర్తి ప్యాకేజీ తీసుకున్న ఇళ్లలో ఇల్లాలిని కూడా వాళ్లే సర్దుతారు. ఆమె సామానుతో ఉంటేనే తనకు నిశ్చింత అని చెప్పి, భర్త శేషగిరి కూతురు సాహితిని తీసుకుని రైలెక్కాడు. ఇందుమతి ఫోను కూడా సాహితి చేతిలోనే వెళ్లిపోయింది.

కంపెనీ సూపర్‌వైజరు నూకరాజు మర్యాదస్తుడు. ఆమె మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాక సందుల్లో పాత దుప్పటి దోపి, "కుక్కరు గుచ్చుకుంటే ఇప్పుడే సెప్పేయండమ్మా. మళ్లీ టేపు తీయడం అవదండి" అన్నాడు. గుచ్చుకుంటూనే ఉంది. ఆమె పర్లేదంది. ఇన్నేళ్ల కాపురంలో నోటికి బాగా అలవాటైన మాట అది.

పెట్టె విప్పేసరికి అది వేరెవరిదో ఇల్లు. ఒకే లారీలో రెండిళ్ల సామాను రావడంతో వంటింటి పెట్టెలు తారుమారయ్యాయి. ఆ ఇంటాయన వామనరావు లోపలికి వంగి చూసి, తన భార్య కాస్త పొడుగని గుర్తు చేసుకున్నాడు. ఆయన తల్లి ఇందుమతిని చెయ్యి పట్టి లేపి, ఎక్కడైనా గీతలు పడ్డాయేమోనని మోచేతులు తిప్పి చూసింది.

"మన కోమలి కాదురా" అంది కొడుకుతో. ఆ వెంటనే, స్టవ్వు బిగించడం అయిందా అని పనివాళ్లను అడిగింది.

ఆ పెద్దావిడ ఫోను అడిగి తీసుకుని ఇందుమతి కంపెనీకి చేసింది. అవతలి అమ్మాయి ఓపిగ్గా విన్నది. శేషగిరి గారు వంటింటి పెట్టె విప్పి చూసుకున్నారనీ, అన్నీ అందాయన్నారనీ చెప్పింది. తాను అందలేదు కదా అని ఇందుమతి అడిగితే, ఫిర్యాదు సామాను చేస్తే చెల్లదనీ, సొంతదారు చెయ్యాలనీ నొచ్చుకుంటూ వివరించింది.

ఇందుమతి తన నంబరుకే చేసింది. సాహితి ఎత్తింది. కూతురి గొంతు వినగానే ఇందుమతి ఫోను చెవికి అదుముకుంది. "నేను... అమ్మ..." అంది.

"అమ్మ వంటింట్లో ఉందండీ. పిలుస్తానుండండి."

పోపు చిటపటలు దగ్గరయ్యాయి. ఎవరో ఆడమనిషి ఫోను అందుకుంది. కోమలి. ఇద్దరికీ పరిచయాలు అవసరం కాలేదు.

"మా అత్తయ్య కాఫీలో పంచదార వెయ్యమంటారు. వెయ్యకండి. ఆవిడకు షుగరుంది" అంది కోమలి.

"మా సాహితి నిద్దట్లో కలవరిస్తుంది. లేపొద్దు. పక్కన కూర్చుంటే చాలు."

"అలాగేనండీ."

ఇందుమతి గొంతు తగ్గించి, "మా ఆయన ఏమైనా అన్నారా?" అని అడిగింది.

"కూరలో ఉప్పు తగ్గిందన్నారు. అక్కడ మా ఆయన?"

స్టవ్వు దగ్గరికి లైటు రావడం లేదని వామనరావు పనివాళ్లతో మాట్లాడుతున్నాడని ఇందుమతి చెప్పింది. అవతల కుక్కరు కూత వెయ్యడంతో కోమలి ఫోను పెట్టేసింది.

సాయంత్రం నూకరాజు వచ్చాడు. సామానులో ఏమైనా తేడా ఉంటే ఇప్పుడే చెప్పాలనీ, తర్వాత కంపెనీకి బాధ్యత ఉండదనీ అన్నాడు. ఇందుమతి కాఫీ గ్లాసులతో గుమ్మంలో నిలబడింది. వామనరావు తల్లివైపు చూశాడు. ఆవిడ చాలాసేపు ఆలోచించింది.

"ఇత్తడి గరిటె రాలేదు నాయనా. పెద్దది" అంది.

నూకరాజు ముఖం చిన్నబోయింది. ఇంతకాలంలో తన చేతిమీద ఒక్క వస్తువు పోలేదనీ, రెండో ఇంటికి ఇప్పుడే మనిషిని పంపి వెతికిస్తాననీ చెప్పాడు. ఆ గరిటె లేకపోతే ఇబ్బందేనని ఇందుమతి కూడా అంది.