అమావాస్య మరునాటి కారు

వసంత ఆ రోజు ఆదోనికి ఏడున్నర బస్సుకే వెళ్దామనుకుంది. అక్కడ ఒక ప్రైవేటు హైస్కూల్లో సైన్సు టీచరు ఉద్యోగం ఖాళీగా ఉంది. పదిన్నరకు హెడ్మాస్టరు ముందు మాదిరి పాఠం చెప్పాలి. బీయెడ్ పాసై, ఐదేళ్లుగా మగ్గం పక్కన కూర్చుని కండెలు చుడుతున్న మనిషికి ఇలాంటి పిలుపు రావడం ఇదే మొదలు. ఇది తప్పితే ఇంకొకటి వస్తుందన్న ఆశ ఆమెకు లేదు.

"బస్సెందుకు? ఇంట్లో కారు పెట్టుకోని బస్సులో పోతే సూసేటోళ్లు ఏమనుకుంటారు?" అన్నాడు భర్త జనార్దన్.

చూసేవాళ్లు ఏమీ అనుకోరు. ఎమ్మిగనూరులో పొద్దున్నే ఎవరి పని వాళ్లకుంటుంది. కానీ జనార్దన్ ఆ పాత కారును ఏడాది కిందట భార్య వద్దంటున్నా కొన్నాడు. అది ఎందుకైనా పనికొస్తుందని నిరూపించడానికి అప్పటి నుంచీ కాచుకుని ఉన్నాడు. ఎనిమిదిన్నరకు బయల్దేరితే తొమ్మిదిన్నరకల్లా ఆదోని. వసంత సరేనంది. పెళ్లయిన పదేళ్లలో ఆమె చేసిన తప్పులు తక్కువే, వాటిలో ఇది ఒకటి.

ఎనిమిదిన్నరకు జనార్దన్ తాళం తిప్పాడు. కారు రెండుసార్లు మూలిగి ఊరుకుంది. ఇది కొత్తేమీ కాదు. ఆరు నెలలుగా దానికి స్టార్ట్ కావడమంటే బద్ధకం. అమావాస్య మరునాడు మరీ ఎక్కువ. నిన్న అమావాస్య.

ఇక్కడ జనార్దన్ తల్లి భాగ్యమ్మ సంగతి చెప్పాలి. వాళ్ల ఇంట్లో అమావాస్యకు మగ్గం ఆడదు. దానికి పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొడతారు. కారు కొన్న రోజున భాగ్యమ్మ మెకానిక్కును, "దీని పానం యాడుంటాది నాయనా?" అని అడిగింది. అతను బానెట్ ఎత్తి బ్యాటరీ చూపించాడు. అప్పటి నుంచి ప్రతి అమావాస్యకూ మగ్గానికి జరిగే మర్యాదంతా బ్యాటరీకీ జరుగుతోంది. కారు మొండికేసిన కొద్దీ మర్యాద పెరుగుతోంది. మొదట్లో దాని మీద ఒక టెంకాయ నీళ్లు పోసేది, తర్వాత మూడు, నిన్న ఐదు.

"పెట్రోలు సల్లగైపోయింటాది. రొంచేపు ఎండకు పెడితే సరిపోతాది" అన్నాడు జనార్దన్. అది జూన్ నెల. కారు రాత్రంతా చెమటలు పట్టే ఉంది.

ఇంతలో పక్కింటి బసన్న వచ్చాడు. ఆయన నలభై ఏళ్లు లారీ తోలి మానుకున్న మనిషి. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకునే రకం కాదు.

"సెల్ఫ్ మోటరప్పా అది!" అన్నాడు.

"బానెట్ ఎత్తి సూస్తావా మామా?"

"బానెట్ ఎత్తేది సదువుకున్నోళ్లు. నేను సెవితోనే సెప్తా" అని బసన్న వంగి డిక్కీకి చెవి ఆనించాడు. మళ్లీ తాళం తిప్పమన్నాడు. కళ్లు మూసుకుని విన్నాడు. "సెల్ఫ్ మోటరే. సందేహమే ల్యా. తొయ్యాల."

"దిష్టప్పా దిష్టి! ఐదు సాలలేదు" అంటూ భాగ్యమ్మ ఆరో టెంకాయ కోసం లోపలికి పోయింది.

తొయ్యడానికి ఒక చిక్కుంది. కారుకు ఎదురుగా నేతగాడు ఉచ్చీరప్ప వీధి పొడుగునా మగ్గానికెక్కించే పడుగు దారాలు చాచి, గంజి పట్టించి కుంచెతో దువ్వుతున్నాడు. పడుగు తడి ఆరకముందు తీయకూడదు. ఇంద్రుడొచ్చినా ఉచ్చీరప్ప తీయడు. అందుకని కారును వెనక్కి ఎత్తు మీదికి తోసుకుపోయి, అక్కడి నుంచి పల్లానికి వదిలి, పడుగు రాకముందే పక్క సందులోకి తిప్పాలని తీర్మానించారు. జనార్దన్ స్టీరింగు పట్టాడు, బసన్న ఆజ్ఞలు పట్టాడు. తోసింది వసంతా, దారిన పోయే ఇద్దరూ.

పల్లంలో కారు ఒక్కసారిగా గర్జించి స్టార్టయింది. "సెప్పలా!" అని బసన్న అరిచాడు. ఆ సంతోషంలో జనార్దన్ కారు ఎటు పోతోందో మరిచిపోయాడు.

"నా పడుగూ!" అని ఉచ్చీరప్ప రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డాడు. జనార్దన్ బ్రేకు తొక్కాడు. కారు దారాలకు జానెడు దూరంలో ఆగింది. ఇంజను కూడా ఆగింది. ఉచ్చీరప్ప ఆ తర్వాత జనార్దన్ వంశం గురించి కాసేపు మాట్లాడాడు.

అప్పటికి తొమ్మిదీ ఇరవై. వసంతకు ఏడుపొచ్చింది. దాని వెనకే కోపమొచ్చింది. కోపమే నయమనిపించి, తానే పోయి బానెట్ ఎత్తింది.

బ్యాటరీ రెండు కొనల మీదా పచ్చగా, తెల్లగా పొక్కు కట్టి ఉంది. దాని మీద కుంకుమ, దాని మీద నిన్నటి టెంకాయ నీళ్ల జిగురు. వైరు బ్యాటరీని తాకుతోందో లేదో దేవుడికే తెలియాలి. వసంతకు విషయం అర్థమైంది. ఆరో టెంకాయ పట్టుకుని భాగ్యమ్మ పక్కనే నిలబడి ఉంది.

"అత్తా, టెంకాయ నేను తిరిగొచ్చినాక కొడదాం. ఇప్పుడు రొన్ని వేన్నీళ్లు, వంటసోడా కావాల" అంది వసంత.

బసన్న ఇచ్చిన స్పానరుతో వైర్లు ఊడదీసి, సోడా నీళ్లు పోసి, ఉచ్చీరప్ప పాత కుంచెతో రుద్ది, తుడిచి, మళ్లీ బిగించింది. జనార్దన్ తాళం తిప్పాడు. కారు వెంటనే పలికింది.

"ఏముండెనమ్మా?" అంది భాగ్యమ్మ.

వసంత ఆమె కళ్లలోకి చూసింది. "తుప్పత్తా. గాలికి."

"నా పూజ ఊరికే పోతాదా!" అంది భాగ్యమ్మ తృప్తిగా. బసన్న మాత్రం సెల్ఫ్ మోటరు సంగతి తర్వాతైనా చూపించమని జనార్దన్‌కు చెప్పి పంపాడు.

స్కూలు చేరేసరికి పది నలభై. వసంత చేతులు మసి, చీర కుచ్చిళ్లు పచ్చ. ఇంక అయిపోయిందనే అనుకుంది. కానీ అటెండరు, "సారే రాల్యామ్మా. కారు స్టార్ట్ కాల్యంట. మిమ్మల్ని ఇంటికే రమ్మన్నాడు" అన్నాడు.

హెడ్మాస్టరు భీమసేనరావు ఇంటి ముందు ఎత్తిన బానెట్ కింద నిలబడి ఉన్నాడు. పక్కన ఆయన భార్య కృష్ణాబాయి. జనార్దన్, ఆయనా కారు బాధలు చెప్పుకోవడం రోలు పోయి మద్దెలతో మొరపెట్టుకున్నట్టే ఉంది. వసంత తొంగి చూసింది. అదే పొక్కు, అదే కుంకుమ. పైన మాత్రం పెరుగు, తేనె, అరటిపండు ముక్క.

ఆమె ఏమీ అడగకుండా వంటసోడా తెప్పించింది. పావుగంటలో కారు స్టార్టయింది.

"ఈ తుప్పు ఎందుకొస్తాందమ్మా?" అని కృష్ణాబాయి అడిగింది.

వసంత చేతులు తుడుచుకుంది. గాలికి అనేస్తే సరిపోతుంది. పెద్దావిడ సంతోషిస్తుంది, ఉద్యోగమూ రావచ్చు. కానీ వచ్చింది సైన్సు టీచరు పనికి. భీమసేనరావు వైపు చూసింది. ఆయన పక్కింటి గోడను శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు.

"పంచామృతంతోనేనమ్మా" అంది వసంత. "పెరుగులో పులుపుంటాది, తేనె జిగురు. లోహం మీద పోస్తే తినేస్తాది. పూజ బయట టైర్లకు చేసుకోండి. బ్యాటరీకి వద్దు."

కృష్ణాబాయి ఆమెను కిందినుంచి పైదాకా చూసింది. తర్వాత భర్తను చూసింది.

"ముప్పై ఏండ్లు సైన్సు చెప్పినారు కదా. ఇది మీకు తెలీదా?"

భీమసేనరావు మళ్లీ గోడ వైపు తిరిగాడు. ఆమె విసవిసా లోపలికి వెళ్లిపోయింది. వసంత చేతిసంచి తీసుకుని గేటు వైపు నడిచింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"యాడికి పోతాండావమ్మా? సోమవారం నుంచి వచ్చి చేరు" అన్నాడు భీమసేనరావు.

"సార్, పాఠం?"

ఆయన తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "నాకు నాలుగేండ్లుగా తెలుసమ్మా. చెప్పే ధైర్యం లేక ఏడాదికొక బ్యాటరీ కొంటున్నా. ఆమెకు ఆ మాట చెప్పగలిగిన మనిషికి తొమ్మిదో తరగతి బి సెక్షన్ ఒక లెక్కా?"

ఉద్యోగం వచ్చిన సంగతి భాగ్యమ్మకు ఆ సాయంత్రమే చెప్పారు. బ్యాటరీ సంగతి ఎవరు చెప్పాలన్నది భార్యాభర్తలు ఇంకా తేల్చుకోలేదు.